మా అమ్మాయి చేయాలనుకున్న ఉద్యోగాలు

మూడేళ్లప్పుడు మా అమ్మాయికి చెత్త బండి వెనక కమ్మీ పట్టుకుని నిలబడి వెళ్లే ఉద్యోగం కావాలి. డ్రైవర్ ఉద్యోగం వద్దు, వెనక నిలబడేదే కావాలి. బండి పూర్తిగా ఆగకముందే దిగడం, డబ్బా ఎత్తి బోర్లించడం, మళ్లీ ఎక్కి అరచేత్తో బండిని రెండుసార్లు తట్టి "పోనీయ్" అనడం. ఆ తట్టే చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఏమున్నా పడేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. ఇంట్లో నేను కుర్చీలో కూర్చుంటే వెనక నిలబడి, కుర్చీని రెండుసార్లు తట్టి, "పోనీయమ్మా!" అనేది. లేని స్టీరింగ్‌ని నేను తిప్పేదాన్ని.

ఇప్పుడు తనకి పదిహేనేళ్లు. చిన్నప్పుడు తను చేస్తానన్న ఉద్యోగాలన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. జ్ఞాపకశక్తి గొప్పదని కాదు, వాటిలో సగానికి పైగా తనతోపాటు నేనూ కొత్తగా తెలుసుకున్నవే కాబట్టి. పిల్లలు "పెద్దయ్యాక ఇదవుతాను" అంటే రేపటి గురించి చెబుతున్నారని మనం అనుకుంటాం. నాకు మాత్రం ఆ మాటలో ఎప్పుడూ ఆ రోజు సంగతే వినబడేది. ఈ రోజు తను దేన్ని కళ్లు విప్పార్చుకుని చూసిందో, ఏ మనిషి దగ్గర ఆగిపోయిందో, అది.

నాలుగేళ్లు దాటాక క్రేన్లు వచ్చాయి. మా కిటికీలోంచి కనబడేంత దూరంలో ఒక పెద్ద భవనం కడుతుండేవారు. ఆకాశంలో, ఆ చిన్న అద్దాల గదిలో కూర్చుని క్రేన్ తిప్పే మనిషి మా అమ్మాయి దృష్టిలో లోకంలోకెల్లా గొప్పవాడు. ఆయన పైకి ఎలా వెళ్తాడు, నిచ్చెన ఎక్కితే కాళ్లు నొప్పెట్టవా, నీళ్లు ఎవరిస్తారు, పైన నిద్రొస్తే ఎలా అని రోజూ ప్రశ్నలే. తెలిసినవి చెప్పేదాన్ని. ఒకరోజు మాత్రం నేను ఆగిపోయే ప్రశ్న ఒకటి వేసింది.

"అమ్మా, బిల్డింగ్ పొడుగవుతోంది కదా. క్రేన్ కూడా పొడుగవుతోంది. మరి క్రేన్‌ని ఎవరు ఎత్తుతున్నారు? దానికంటే పెద్ద క్రేన్ ఉందా?"

అంతకాలంగా ఆ భవనాన్ని నేనూ చూస్తూనే ఉన్నాను. ఆ సందేహం నాకు రాలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వీడియోలు వెతికి చూశాం. పెద్ద క్రేన్ ఏదీ లేదట. స్తంభం పైభాగం చుట్టూ ఒక ఉక్కు చట్రం ఉంటుంది. హైడ్రాలిక్ జాకీ సాయంతో క్రేన్ పై భాగమంతా, ఆ అద్దాల గదితో సహా, కొద్దిగా పైకి లేస్తుంది. అప్పుడు మధ్యలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి కొత్త స్తంభం ముక్కని క్రేనే కింద నుంచి ఎత్తి తెచ్చుకుంటుంది. దాన్ని లోపలికి జరిపి బోల్టులు బిగిస్తారు. మళ్లీ లేస్తుంది, మళ్లీ ఇంకో ముక్క.

"అంటే తనని తనే ఎత్తుకుంటోందా!" అంది మా అమ్మాయి. ఆ ముఖం నాకింకా కళ్లముందే ఉంది. తర్వాత చాలా రోజులు బ్లాకులతో అదే ఆట. పై బ్లాకులు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "అమ్మా, తొందరగా పెట్టు, పైన మనిషున్నాడు" అనేది. నేను మధ్యలో ఒక బ్లాకు దూర్చేదాన్ని.

ఆ రోజుల్లోనే ఇంటికొచ్చిన బంధువు ఒకాయన పెద్దయ్యాక ఏమవుతావని అడిగాడు. "క్రేన్ నడుపుతా" అంది. ఆయన గట్టిగా నవ్వి, "క్రేన్ ఏంటమ్మా, ఇంజినీర్ అవుతానని చెప్పు, వినడానికి బాగుంటుంది" అన్నాడు. చెడు ఉద్దేశంతో అన్నమాట కాదని నాకు తెలుసు. అయినా నాకు బాధేసింది. అంత ఎత్తున గాలికి ఊగే గదిలో కూర్చుని, టన్నుల బరువుని కింద మనుషుల తలల మీదుగా ఎవరికీ తగలకుండా దించే పని అది. దాన్ని పిల్ల గొప్పదనుకుంది. అందులో తప్పేముంది? గొప్ప పనినే గొప్పదంది. ఆయన వెళ్లాక నా దగ్గరికొచ్చి, "నేను చెప్పింది బాగా లేదా అమ్మా?" అని అడిగింది. "చాలా బాగుంది" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

చాలా ఏళ్ల తర్వాత లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలి సిద్ధాంతం గురించి చదివాను. 1981లో ప్రచురించారు. ఆవిడ చెప్పేదేమిటంటే, పిల్లలు ఉద్యోగాలను ఎంచుకుంటూ పోవడం కన్నా జాబితాలోంచి కొట్టేసుకుంటూ పోవడమే ఎక్కువ. మూడు నుంచి ఐదేళ్ల మధ్య వాళ్లకి కనబడేది పెద్దతనం, బలం. అందుకే బండ్లు, క్రేన్లు, ఫైరింజన్లు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది ఆడవాళ్ల పనా, మగవాళ్ల పనా అన్న లెక్క మొదలవుతుంది. తొమ్మిది దాటాక ఏ పనికి నలుగురిలో ఎంత విలువ అన్నది తెలుస్తుంది. ఒక్కో మెట్టు దగ్గరా కొన్ని ఉద్యోగాలు జాబితాలోంచి పోతాయి. అలా పోయినవాటిని పిల్లలు మళ్లీ వెతుక్కోవడం అరుదట. తనకేం ఇష్టం, తనేం చేయగలదు అన్న ఆలోచన గట్టిగా వచ్చేసరికి పద్నాలుగేళ్లు వస్తాయి. అప్పటికే జాబితా చిన్నదైపోయి ఉంటుంది.

అది చదువుతుంటే మా ఇంట్లో జరిగినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

ఆరేళ్లప్పుడు అంతరిక్షం. అది రాని పిల్లలు ఉండరనుకుంటాను. కానీ మా అమ్మాయికి చంద్రుడి మీద నడవాలని లేదు. 1969 జులైలో అపోలో 11లో ముగ్గురు వెళ్లారని, ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ కిందకి దిగారని పుస్తకంలోంచి చదివి చెప్పాను. వెంటనే, "మూడో ఆయన?" అంది. మూడో ఆయన మైకేల్ కాలిన్స్. ఆయన ఒక్కడే నౌకలో చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉన్నాడని, చంద్రుడి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ దాదాపు 48 నిమిషాలపాటు భూమితో రేడియో సంబంధం ఉండేది కాదని చెప్పాను. కింద ఉన్న ఇద్దరితోనూ అప్పుడు మాట్లాడలేడు.

మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు తలుపు తీసింది ఆయనేనా?" అంది. కిందినుంచి వచ్చిన నౌకని తన నౌకతో కలుపుకుని వాళ్లని లోపలికి తీసుకుంది ఆయనే కాబట్టి, అవునన్నాను. "అయితే నేను ఆ ఉద్యోగం చేస్తా. వాళ్లు వచ్చేదాకా ఇల్లు చూసుకుంటా" అంది.

ఆ నౌకని ఇల్లు అనాలని తనకెందుకు తోచిందో తెలీదు. కానీ పిల్ల స్వభావం నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది ఆ రోజే. బండి వెనక నిలబడి "పోనీయ్" అనే మనిషి, ఎవరికీ తగలకుండా బరువు దించే మనిషి, ఇద్దరికోసం కాచుకుని ఉండే మనిషి. తన కళ్లు ఎప్పుడూ అలాంటివాళ్ల మీదే పడేవి. ఉద్యోగాలు మారుతున్నాయని మేం అనుకునేవాళ్లం. నా ఉద్దేశంలో తనకి నచ్చింది మొదటినుంచీ ఒకటే.

ఏడేళ్లప్పుడు జరిగిందే నాకు ఎక్కువగా గుర్తుంది. డైనోసార్ల పిచ్చి ముదిరిన కాలం. ఎముకలు తవ్వే సైంటిస్ట్ అవుతానని అంటుండేది. ఒకరోజు స్కూల్లో సైంటిస్ట్ బొమ్మ గీయమన్నారట. కళ్లజోడు, గడ్డం, తెల్లకోటు వేసుకున్న ఒక మగమనిషిని గీసుకొచ్చింది. చాలా శ్రద్ధగా గీసింది, కోటు జేబులో పెన్ను కూడా. "ఇందులో నువ్వెక్కడున్నావ్?" అని అడిగాను. "నేను లేను. ఇది సైంటిస్ట్" అంది. ఆ ఉద్యోగమే చేస్తానని చెబుతున్న పిల్ల, ఆ బొమ్మలో తను ఉండొచ్చని అనుకోలేదు.

ఇది మా ఇంట్లో జరిగిన వింతేమీ కాదు. డేవిడ్ ఛాంబర్స్ అనే పరిశోధకుడు 4,807 మంది పిల్లలతో సైంటిస్ట్ బొమ్మలు గీయించి, ఫలితాలను 1983లో ప్రచురించాడు. ఆడమనిషిని గీసినవాళ్లు అందరిలోనూ 28 మంది. ఆ 28 మందీ ఆడపిల్లలే. తర్వాతి దశాబ్దాల్లో పరిస్థితి మెరుగైంది. అమెరికాలో జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2018లో చూసినప్పుడు, ఇటీవలి దశాబ్దాల్లో సగటున నూటికి 28 బొమ్మల్లో ఆడవాళ్లు కనబడ్డారు. అయితే పిల్లల వయసు పెరిగేకొద్దీ మగవాళ్లని గీయడమే ఎక్కువవుతోందని కూడా అందులోనే తేలింది. చిన్నపిల్ల తనని తను గీసుకుంటుంది, పెద్దదయ్యేకొద్దీ తన చుట్టూ కనబడేదాన్ని గీస్తుంది. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది.

ఆ సాయంత్రం తనకి మేరీ ఆనింగ్ కథ చెప్పాను. 1799లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్‌లో పుట్టింది. తండ్రి వడ్రంగి, సముద్రపు ఒడ్డున కొండచరియల్లో శిలాజాలు ఏరి అమ్మేవాడు. మేరీకి పదకొండేళ్లప్పుడు ఆయన చనిపోయాడు. 1811లో అన్నకి ఒక పెద్ద తలపుర్రె కనబడింది, మరుసటి ఏడాది మిగతా ఎముకలు మేరీ వెతికి పట్టుకుంది. అది ఇక్తియోసార్. "అది డైనోసార్ కాదమ్మా, సముద్రపు సరీసృపం" అని మా అమ్మాయి నన్ను అక్కడే దిద్దింది. 1823లో ప్లీసియోసార్ అనే ఇంకో సముద్రపు సరీసృపం మొట్టమొదటి సంపూర్ణ అస్థిపంజరం కూడా మేరీకే దొరికింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆమె దగ్గరికి వచ్చి నేర్చుకుని వెళ్లారు. భూగర్భ శాస్త్రవేత్తల సంఘమైన లండన్ జియలాజికల్ సొసైటీ మాత్రం అప్పట్లో ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకునేది కాదు.

"ఎందుకు?" అంది. అన్యాయం కాబట్టి, అంతకు మించి కారణం లేదన్నాను. తను ఆ బొమ్మని చెరపలేదు. దాని పక్కనే పొడవాటి గౌను వేసుకుని, చేతిలో సుత్తి పట్టుకున్న అమ్మాయిని గీసింది. గడ్డం ఉన్నాయన కంటే ఆమెను పెద్దగా గీసింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వను.

ఎనిమిదేళ్లప్పుడు ఒక వింత ఉద్యోగం. గ్రహాలకు పేర్లు పెట్టడం. ప్లూటోకి ఆ పేరు సూచించింది పదకొండేళ్ల పిల్ల అని తెలిసినప్పటినుంచీ ఇదే పాట. ఆ కథ నిజంగానే అందమైనది. 1930లో కొత్త గ్రహం దొరికిందన్న వార్త వచ్చిన రోజు, ఇంగ్లండ్‌లో వెనీషియా బర్నీ అనే పాపకి వాళ్ల తాతయ్య ఆ వార్త చదివి వినిపించాడు. రోమన్ పురాణాల్లో పాతాళానికి అధిపతి పేరు కదా, ప్లూటో అని పెట్టొచ్చుగా అంది ఆ పాప. తాతయ్య ఆ మాట తనకి తెలిసిన ఖగోళ శాస్త్రవేత్తకి చెప్పాడు, ఆయన గ్రహాన్ని కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీకి టెలిగ్రాం పంపాడు. ఆ పేరే ఖాయమైంది.

నాకు ఆ కథలో అందరికన్నా తాతయ్యే ఎక్కువ నచ్చుతాడు. మనవరాలి మాటకి "భలే చెప్పావే" అని నవ్వి పేపర్ మడిచేయవచ్చు. ఆయన లేచి వెళ్లి ఆ మాట చేరాల్సిన చోటికి చేర్చాడు. వెనీషియా పెద్దయ్యాక ఖగోళ శాస్త్రవేత్త కాలేదు. టీచరై పిల్లలకి పాఠాలు చెప్పింది. 2006లో ప్లూటో వైపు బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌకలో విద్యార్థులు తయారుచేసిన ఒక పరికరానికి ఆమె పేరు పెట్టారు. ఇదంతా చెప్పాక మా అమ్మాయి కొన్నాళ్లు కనబడ్డవాటన్నిటికీ పేర్లు పెట్టింది, ఇంట్లో గోడ మీది పగుళ్లతో సహా.

డాక్టర్ అవుతానన్న దశ కూడా ఒకటి వచ్చింది. తొమ్మిదేళ్లకి. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. అంతవరకు తను చెప్పిన ఏ ఉద్యోగానికీ అంతమంది ముఖాలు వెలగలేదు. ఫోన్లో చెప్పినా, ఇంటికొచ్చినవాళ్లకి చెప్పినా "శభాష్" అనే. ఆ శభాష్ తనకి బాగా వినబడింది. ఎవరైనా అడిగితే ముందు వాళ్ల ముఖం ఒకసారి చూసి, ఆ తర్వాత "డాక్టర్" అనడం మొదలుపెట్టింది. క్రేన్ గురించి చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూసేది కాదు.

పదకొండు వచ్చేసరికి జవాబు "తెలీదు" అయింది. భుజాలు ఎగరేసి, "తెలీదు, చూడాలి". ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది నాకు. ఏడ్చాను కూడా, తను చూడకుండా. చెత్త బండి పోయినందుకు కాదు. రోజూ సాయంత్రం కొత్త ఉద్యోగంతో ఇంటికొచ్చే పిల్ల ఇక రాదని.

ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ 2020లో ఒక నివేదిక వేసింది. 41 దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలను ముప్పై ఏళ్లకి ఏ పనిలో ఉంటామనుకుంటున్నారని అడిగితే, అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం కేవలం పదేసి ఉద్యోగాల పేర్లే చెప్పారు. డాక్టర్, టీచర్, ఇంజినీర్, పోలీస్, అలాంటివి. 2000 సంవత్సరంతో పోలిస్తే ఆ శాతం ఇంకా పెరిగింది. లోకంలో పనుల రకాలు పెరుగుతుంటే పిల్లల నోట వచ్చే పేర్లు తగ్గుతున్నాయి. ఆ పది ఉద్యోగాల మీద నాకేం కోపం లేదు, అవి లేకపోతే ఎవరికీ గడవదు. కానీ నాలుగేళ్ల పిల్లలు చెప్పే పేర్లు పదికి ఆగవు, ఏ ఇంట్లోనైనా చూడండి. మధ్యలో ఆ మిగతావి ఎక్కడికి పోతున్నాయన్నదే నా బాధ. చాలావరకు మన నవ్వుల్లో, మన శభాష్‌లలో పోతున్నాయని నా నమ్మకం.

ఆ దిగులు రోజుల్లో నాకు ధైర్యమిచ్చింది ఒక తల్లి. చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ తల్లి, వాన్. జేన్‌కి నాలుగైదేళ్లప్పుడు, గుడ్డు కోడిలోంచి ఎలా వస్తుందో చూడాలని కోళ్ల గూట్లో దూరి గంటల తరబడి కదలకుండా కూర్చుంది. ఇంట్లోవాళ్లు కనబడడం లేదని వెతికి, పోలీసులకి కూడా చెప్పారు. ఒంటినిండా గడ్డితో పరిగెత్తుకొచ్చిన పిల్ల కళ్లు మెరుస్తుండడం చూసి వాన్ తిట్టలేదు. కూర్చుని, గుడ్డు ఎలా వచ్చిందో మొత్తం విన్నది. పెద్దయ్యాక ఆఫ్రికా వెళ్లి జంతువులతో ఉంటానంటే అందరూ నవ్వినా ఆవిడ నవ్వలేదు. 1960లో 26 ఏళ్ల జేన్ గోంబే అడవికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఒంటరిగా పంపేది లేదని అధికారులు అన్నారు. అప్పుడు తోడుగా వెళ్లి మొదటి నెలలు అడవిలో ఉన్నది ఆ తల్లే.

నాకు అడవికి వెళ్లే అవసరం రాకపోవచ్చు. కూర్చుని మొత్తం వినడం మాత్రం నా చేతిలో ఉన్న పని. అందుకే "తెలీదు" కాలంలో తనని ఏమవుతావని అడగడం మానేశాం. ఎవరైనా అడిగితే తను చెప్పేలోపు "డాక్టరే లెండి" అని అందుకోవడం కూడా ఇంట్లో అందరం మానేశాం. దాని బదులు ఎవరు ఏం పని చేస్తారో, ఎలా చేస్తారో మాట్లాడుకునేవాళ్లం. వంతెన తనిఖీ చేసేవాళ్లు ఏం చూస్తారు, పాత పుస్తకాల చిరుగులు ఎలా అతికిస్తారు, రాత్రంతా వాతావరణ రాడార్ ముందు కూర్చునేవాళ్లు ఏం రాసుకుంటారు. కొన్ని వినేది, కొన్నిటికి ఆవులించేది.

ఇప్పుడు తను సంకేత భాష నేర్చుకుంటోంది. క్లాసులో వినికిడి లేని అమ్మాయి ఒకరు చేరారు. ఆ అమ్మాయితో పాటు వచ్చే ఇంటర్‌ప్రెటర్‌ని చూసి మొదలైంది. మేం ఎవరం చెప్పలేదు, మొదటి రెండు వారాలు మాకు తెలియను కూడా తెలియదు. అద్దం ముందు చేతులు తిప్పుతుంటే డాన్సేమో అనుకున్నాను. ఒక్కో దేశానికి ఒక్కో సంకేత భాష ఉంటుందని, ప్రపంచమంతా ఒకటే కాదని తనే చెప్పింది. ముఖంలో మార్పులు కూడా వ్యాకరణంలో భాగమట. కనుబొమలు ఎత్తకపోతే చాలా సంకేత భాషల్లో "అవునా, కాదా" అని అడిగే ప్రశ్న ప్రశ్నే కాదట.

మొన్న భోజనాల దగ్గర వాళ్ల నాన్న, "గంటల తరబడి మీటింగ్ జరిగితే ఆ ఇంటర్‌ప్రెటర్ అంతసేపూ చేతులు తిప్పుతూ ఉండాలా?" అని అడిగారు.

"ఒక్కరే ఉండరు నాన్నా. పెద్ద మీటింగ్ అయితే ఇద్దరుంటారు. ఇరవై నిమిషాలకోసారి మారతారు. చేతులకంటే ముందు మెదడు అలిసిపోతుంది. మాటలు జారిపోతాయి."

"మరి రెండో ఆవిడ అంతసేపూ ఖాళీనా?"

"ఖాళీ ఏంటి? పక్కనే కూర్చుని మొత్తం వింటూ ఉంటుంది. మొదటావిడకి ఏదైనా పేరో, నంబరో తప్పిపోతే వెంటనే అందిస్తుంది. అదే కష్టం, తెలుసా?" అని చెంచా పక్కన పెట్టి, అది ఎలా అందిస్తారో చేసి చూపించింది.